వైరు ఉండవచ్చు, కరెంటు ఉండరాదు

ఇదంతా నా నోటి దురద వల్ల జరిగింది. ముందే ఒప్పేసుకుంటున్నాను. తర్వాత ఎవరూ పనిగట్టుకుని ఎత్తిపొడవనక్కర్లేదు.

మా ఊరు కోటికాలవలో దొరగారి ఆస్పత్రి అని ఒకటుంది. కాలవలు తవ్వించడానికి వచ్చిన తెల్లదొర ఒకాయన 1889లో కట్టించి వెళ్ళాడు. గానుగ సున్నం గోడలు, రెండున్నర అడుగుల మందం. మేకు కొడితే మేకు వంగుతుంది గాని గోడ ఒప్పుకోదు. దానికి కరెంటు వచ్చింది మాత్రం 1931లో. టేకు చెక్క పట్టీల్లో, గుడ్డ చుట్టిన రబ్బరు వైర్లు వేశారు. ఇరవై ఆరేళ్ళుగా ఆ వైర్ల మంచీ చెడ్డా చూస్తున్నది నేనే. పేరు గుబ్బల పాండురంగం. ఐటీఐ చదివాను, వైర్‌మన్ లైసెన్సు ఉంది, రెండుసార్లు షాకు తిని లేచాను. ఈ పనికి అంతకన్నా అర్హతలు అక్కర్లేదని అప్పట్లో నా నమ్మకం.

ఆ ఏడు తొలకరి పడగానే మందుల గదికి వెళ్ళే వైరు మొండికేసింది. లోపలి రబ్బరు ఎండి పిండైపోయింది. మబ్బు పట్టిందంటే చాలు, గోడ మీద చెయ్యి వేసినవాళ్ళకి చురుక్కుమంటోంది. ఆ గదిలో ఫ్రిజ్జు ఉంది. అందులో పసిపిల్లల టీకాలు, కుక్కకాటు మందు, అన్నిటికన్నా ముఖ్యంగా పాముకాటు మందు ఉంటాయి. మా చుట్టూ ఉన్నవన్నీ వరిచేలు. నాట్లు మొదలైతే వారానికి ఒకరినైనా పాము కరిచిందని మోసుకొస్తారు.

నర్సు సలోమి సిస్టరు నన్ను పిలిపించింది. ఆవిడ మాట కరుకు, చెయ్యి మెత్తన. ఊళ్ళో సగంమందికి మొదటి సూది పొడిచింది ఆవిడే.

“అన్నయ్యా, ఈ ఫ్రిజ్జు రోజుకి నాలుగుసార్లు చచ్చి బతుకుతోంది. మందు వెచ్చబడిందంటే అది మందు కాదు, నీళ్ళు. అప్పుడు పాము కరిచినోణ్ణి నలభై కిలోమీటర్లు జిల్లా ఆస్పత్రికి పంపాలి. సగం దారిలోనే ప్రాణం పోద్ది.”

“పదహారడుగుల వైరు సిస్టరమ్మా. చెక్కపట్టీ మూత ఊడదీసి, పాతది లాగి, కొత్తది పరిచి, మళ్ళీ మూత పెట్టేత్తాను. గోడకి గీత కూడా పడదు. అరగంట పని.”

వైరు తెచ్చుకుని, స్టూలెక్కి, మొదటి స్క్రూ తిప్పబోతుంటే పై ఆఫీసు నుంచి ఉత్తర్వు వచ్చింది. దిగి చదివాను. పురాతన కట్టడములయందు విద్యుత్ పనులు చేయు వ్యక్తులు వారసత్వ విద్యుత్ నైపుణ్య ధ్రువపత్రము కలిగియుండవలెనట. లేనియెడల సదరు వైరును చూచుట మినహా, తాకుట, లాగుట, మార్చుట నిషిద్ధమట. చూడటం అప్పటికే అయిపోయింది కాబట్టి సామాను సంచిలో సర్దేసుకున్నాను.

నిజం చెప్పాలంటే ఆ ఉత్తర్వు నాకు నచ్చింది. ఎక్కడో పాత కోటలో ఏసీ గొట్టం దూర్చడానికి ఒక మహానుభావుడు, గోడ మీది ఏనుగు బొమ్మకి సరిగ్గా కంట్లోంచి రంధ్రం వేశాడట. అలాంటివాళ్ళకి నాలుగు ముక్కలు నేర్పించాల్సిందే. నలభై అయిదు రోజుల శిక్షణ అన్నారు. పోనీ, కాగితం తెచ్చుకునే వైరు మార్చేద్దాం అనుకుని బస్సెక్కాను. అందాకా చేపల ఐసు తెచ్చి ఫ్రిజ్జులో కుక్కుతానని సిస్టరమ్మ చెప్పింది.

శిక్షణ కేంద్రం కూడా ఒక పాత బంగ్లాయే. వెళ్ళేసరికి లోపలంతా చీకటి. నెల రోజుల క్రితం కరెంటు పోయిందట. బాగుచేయాలంటే ధ్రువపత్రం ఉన్నవాడే రావాలి. ధ్రువపత్రం ఉన్నవాడు మా బ్యాచీ పూర్తయితే గాని భూమ్మీద పుట్టడు. అందుకని పద్నాలుగు మంది ఎలక్ట్రీషియన్లం చీకట్లో తడుముకుంటూ కుర్చీలు వెతుక్కున్నాం.

కేంద్రం ఉప సంచాలకులు పరాంకుశం గారు. మనిషి మంచివాడే. మర్యాదస్తుడు, లంచం ముట్టడు, పొద్దున్నే అందరికన్నా ముందు వస్తాడు. ఒకటే ఇబ్బంది, ఆయన మాట్లాడడు, ఉత్తర్వు జారీ చేస్తాడు.

“ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, అందరూ కూర్చోవచ్చును,” అన్నాడు.

మొదటి రెండు వారాలు సున్నం గురించే. కరక్కాయ ఎంత, బెల్లం ఎంత, గానుగ ఎన్ని తిప్పులు తిప్పాలి, అన్నీ చెప్పారు. నేను శ్రద్ధగా రాసుకున్నాను. మూడో వారం పనిముట్ల తనిఖీ అని మా సంచులన్నీ బల్ల మీద కుమ్మరించమన్నారు.

“యథాకాల సూత్రము,” అని బోర్డు మీద రాశాడు పరాంకుశం గారు. “కట్టడము ఏ సంవత్సరమునకు చెందినదో, అందు వాడు పనిముట్టు, పదార్థము, పద్ధతి అదే సంవత్సరమునకు చెందినవై యుండవలెను. ఈ డ్రిల్లు యంత్రము ఏనాటిది?”

డ్రిల్లులు వెళ్ళిపోయాయి. మంచిదే, సున్నం గోడకి డ్రిల్లు పెడితే నాకూ కడుపు మండుతుంది. తర్వాత ఇన్సులేషన్ టేపు వెళ్ళిపోయింది. ప్లాస్టిక్ వైరు వెళ్ళిపోయింది. కటింగ్ ప్లేయరు పిడికి రబ్బరు తొడుగు ఉందని తొడుగు పీకేశారు. పిడి మాత్రం ఉంచుకోవచ్చునన్నారు.

మా బ్యాచీలో కడలి తాతారావు అని ఒకడున్నాడు. లంక గ్రామాల మనిషి, కూర్చుంటే నిద్రపోతాడు. ఆ చప్పుడుకి లేచి, “మరి మా సంగతేంటండి? నేను డెబ్భై తొమ్మిదిలో పుట్టానండి,” అన్నాడు బెంగగా.

“సిబ్బందికి ప్రస్తుతానికి మినహాయింపు కలదు.”

తాతారావు నిశ్చింతగా మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు. అంతలో పరాంకుశం గారు నా జేబులో టెస్టర్ లాగేశారు. అక్కడ నాకు తిక్క రేగింది. ఎలక్ట్రీషియన్ జేబులో టెస్టర్ తియ్యడమంటే డాక్టరు మెళ్ళో గొట్టం తియ్యడమే.

“సార్, టెస్టర్ లేకపోతే వైర్లో కరెంటు ఉందో లేదో ఎలా తెలుస్తుందండి?”

“మీ ఆస్పత్రి కట్టిన 1889లో ఎట్లు తెలుసుకొనెడివారో అట్లే.”

“1889లో మా ఊళ్ళో కరెంటే లేదండి బాబూ! ముప్పై ఒకటిలో కదండీ వచ్చింది!”

నోరా, వీపుకి తేకే అని ఊరికే అనలేదు పెద్దలు. ఆ ఒక్క మాటతో ఆయన గారి వెర్రి కుదిరిపోతుందని నా ఉద్దేశం. అందరూ గొల్లున నవ్వుతారు, ఆయన నాలిక్కరుచుకుంటాడు, నా టెస్టర్ నాకిచ్చేస్తాడు అనుకున్నాను. ఎవరూ నవ్వలేదు. పరాంకుశం గారు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. ఆయన మొహంలో అంత వెలుగు అంతకుముందు నేను చూడలేదు.

“అనగా,” అన్నాడు మెల్లగా, “సదరు కట్టడమునందు విద్యుత్తు అనునది తదనంతర చేర్పు.”

“అంటేనండి?”

“తదనంతర చేర్పులను తొలగించి కట్టడమును యథాపూర్వ స్థితికి తెచ్చుటయే మన కేంద్రము యొక్క పరమ లక్ష్యము. పాండురంగం గారూ, మీరు ఈ శాఖకు చేసిన సేవ ఎనలేనిది.”

ఆ మధ్యాహ్నం టిఫిన్ దగ్గర మిగతా పన్నెండుగురూ నాకేసి చూసిన చూపులు ఇప్పటికీ గుర్తే. తాతారావు ఒక్కడే చూడలేదు, పడుకున్నాడు.

తర్వాత సోమవారానికి పాఠ్యాంశాలు మారిపోయాయి. ఫేజు, న్యూట్రల్, ఎర్తు అన్న పేజీలన్నీ కొట్టేశారు. వాటి స్థానంలో వత్తులు చేయుట, బుడ్లు తుడుచుట, పంకా లాగుట వచ్చాయి. కేంద్రం పేరు మాత్రం వారసత్వ విద్యుత్ నైపుణ్య శిక్షణ కేంద్రంగానే ఉంది. బోర్డు అప్పటికే రాయించేశారు.

ఆ రాత్రే సిస్టరమ్మ ఫోను చేసింది. “ఐసు కరిగి మందు సీసాల మీద పేర్లు చెరిగిపోతన్నాయి అన్నయ్యా. ఫ్రిజ్జంతా చేపల కంపు. ఎక్కడిదాకా వచ్చింది నీ చదువు?”

“వత్తులు చేస్తన్నాం సిస్టరమ్మా.”

“ఏం వత్తులు?”

“పత్తితో.”

“ప్రార్థన చేత్తాలే,” అని పెట్టేసింది. నాకు సిగ్గేసింది.

ఇంతలో పై నుంచి ఇంకో విభాగం అడ్డం తిరిగింది. వాళ్ళది పదార్థ పరిరక్షణ విభాగం. డెబ్భై అయిదేళ్ళు దాటిన ఏ వస్తువునైనా కదిలించడం నేరం అని వాళ్ళ నియమం. 1931 నాటి వైర్లు, స్విచ్చులు, ఫ్యాన్లు అన్నీ దాటేశాయి. వాటిని పీకితే కేసు పెడతామని ఉత్తరం రాశారు. పీకాలని ఒక ఫైలు, పీకకూడదని ఒక ఫైలు. నాకు లోపల సంతోషం వేసింది. ఇద్దరూ కొట్టుకుని చస్తారు, మధ్యలో నా వైరు నేను మార్చుకుంటాను అనుకున్నాను.

రెండు విభాగాల పెద్దలూ మా కేంద్రంలోనే కూర్చున్నారు. మేం పద్నాలుగు మందిమీ ఆముదం దీపాలు పట్టుకుని చుట్టూ నిలబడ్డాం. కిరసనాయిలు 1889 నాటికి మా ప్రాంతానికి వచ్చిందో లేదో తేలలేదు కాబట్టి ఆముదమే క్షేమమని నిర్ణయించారు. నాలుగు గంటలు వాదించుకున్నాక పరాంకుశం గారు లేచి, ఉభయులకూ సమ్మతమైన తీర్మానం చదివాడు.

“వైరు ఉండవచ్చును. అందు కరెంటు ఉండరాదు.”

అందరూ చప్పట్లు కొట్టారు. ఫ్యాన్లు ఉంటాయి, తిరగవు. స్విచ్చులు ఉంటాయి, నొక్కితే చప్పుడొస్తుంది, ఇంకేమీ రాదు. గాలి కోసం ఫ్యాను కింద పంకా కడతారు. ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమనేవాళ్ళని విన్నాను గాని, ఆ దూడకి గడ్డి కూడా మంజూరు చేసినవాళ్ళని అప్పుడే చూశాను.

చివరి పదిహేను రోజులూ పంకా. పైన దూలానికి వేలాడే పెద్ద గుడ్డ చట్రం, దాన్నుంచి గోడ రంధ్రం గుండా వరండాలోకి తాడు. నిమిషానికి ఎనిమిది లాగుళ్ళు. పన్నెండు లాగితే దీపాలు ఆరిపోతాయి, అయిదు లాగితే రోగికి గాలి తగలదు. నా చేతులు బొబ్బలెక్కాయి. ఇరవై ఆరేళ్ళ అనుభవం ఉన్నవాణ్ణి ఇందులో మాత్రం వెనకబెంచీవాణ్ణయిపోయాను.

పరీక్ష రోజున చిత్రం జరిగింది. ఇరవై నిమిషాలయ్యాక తాతారావు తాడు కాలి బొటనవేలికి చుట్టుకుని, వరండాలో వెల్లకిలా పడుకుని, గుర్రుపెట్టి నిద్రపోయాడు. కాలు మాత్రం అప్పుడప్పుడూ కదులుతోంది. పరీక్షాధికారి సున్నా వెయ్యబోయాడు. పరాంకుశం గారు అడ్డుపడి, తన పరిశోధనలో దొరికిన మా దొరగారి ఆస్పత్రి పాత రిజిస్టరు తెప్పించాడు. 1889 నుంచి 1930 వరకు ప్రతి నెలా ఒకటే వాక్యం ఉంది అందులో, “పంకా కూలీ విధి నిర్వహణలో నిద్రించుచుండగా పట్టుబడెను” అని.

“నలుబది సంవత్సరముల లిఖితపూర్వక ఆధారము కలదు,” అన్నాడు పరాంకుశం గారు. “ఇతడు ఒక్కడే ప్రామాణిక పద్ధతిని అనుసరించినాడు.”

తాతారావుకి ప్రథమ శ్రేణి వచ్చింది. లేపి చెప్పాం. నాకు ద్వితీయ శ్రేణి, “అనవసర జాగరూకత కనబరిచెను” అన్న వ్యాఖ్యతో. ధ్రువపత్రం వెనకాల చిన్న అక్షరాల్లో ఒక షరతు ఉంది. వారసత్వ విద్యుత్ నిపుణుడు ఆధునిక విద్యుత్తును ఎచ్చటను తాకరాదు, తాకినచో నైపుణ్య కాలుష్యము సంభవించును అని. ఏ వైరు ముట్టుకోవడానికని ఆ కాగితం కోసం వెళ్ళానో, ఆ కాగితం వచ్చాక ఏ వైరూ ముట్టుకోకూడదు. దాన్ని మడిచి జేబులో పెట్టుకుని ఇంటికొచ్చాను.

నా మొదటి అధికారిక పని దొరగారి ఆస్పత్రిలోనే పడింది. వైర్లు ఉంచి కరెంటు తీసెయ్యాలి. మెయిన్ దగ్గరికి వెళ్ళి ఫ్యూజు పీకాను. ఒక్క క్షణం పట్టింది. అప్పటికింకా ఆ భవనంలో కరెంటు ఉంది కాబట్టి, నైపుణ్య కాలుష్యం జరగకుండా ఒక కొయ్య పటకారు ఇచ్చారు పీకడానికి. పని పూర్తయినట్టు నివేదిక మాత్రం పద్నాలుగు పేజీలు రాయాల్సి వచ్చింది.

ఫ్రిజ్జు గుర్రుమని ఒకసారి వణికి ఆగిపోయింది. సిస్టరమ్మ గుమ్మంలో నిలబడి చూసింది.

“కొండనాలుక్కి మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నయ్యా. పదహారడుగుల వైరు మార్చమంటే మొత్తం కరెంటే పీకేశావ్.”

“నేను పీకలేదు సిస్టరమ్మా, యథాపూర్వ స్థితి.”

“నీ యథాపూర్వం తగలెట్టా! రేపు బుధవారం. పాతికమంది పసిపిల్లలు టీకాలకొత్తారు. ఆళ్ళకేం చెప్పను? పుట్టాల్సింది 1889లోనని చెప్పనా?”

తల వంచుకున్నాను. ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని కిటికీలోంచి పెరట్లోకి చూసింది. అక్కడ వరసగా నాలుగు మరుగుదొడ్లున్నాయి. ఏదో పథకంలో కట్టారు. తెల్ల టైల్సు, లోపల బల్బు, గాలి బయటికి తోలే చిన్న ఫ్యాను, విడిగా కరెంటు కనెక్షను, అన్నీ ఉన్నాయి. నీళ్ళ పైపు మాత్రం వెయ్యలేదు. అందుకని ఎవరూ ఎప్పుడూ వాడలేదు, అద్దంలా ఉన్నాయి.

“అయి ఎప్పుడు కట్టారన్నయ్యా?”

“రెండువేల తొమ్మిదిలో.”

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మొత్తం ఆవరణలో వారసత్వం సోకని గోడలు అవి నాలుగే. అరగంటలో ఫ్రిజ్జు మొదటి మరుగుదొడ్డిలోకి చేరింది. ప్లగ్గు ఆవిడే పెట్టింది, నేను తాకకూడదు కదా. ఫ్రిజ్జు మళ్ళీ గుర్రుమనగానే ఆవిడ సిలువ గీసుకుంది.

ఇక అక్కణ్ణుంచి వలస మొదలైంది. ఫ్రిజ్జు వెళ్ళిన చోటికి టీకాలు వెళ్ళాయి. టీకాల వెంట సిస్టరమ్మ వెళ్ళింది. దీపం వెలుతురులో చీటీలు రాయలేక డాక్టరు గారు రెండో దొడ్లోకి వెళ్ళారు. ఆయాసం వచ్చినవాళ్ళకి మందు పొగ పట్టే మిషనుకి ప్లగ్గు కావాలి కాబట్టి అది మూడోదాంట్లోకి పోయింది. నాలుగోదాంట్లో ఒక మంచం వేశారు. రోగులు బయట రేకుల పందిరి కింద వరసలో కూర్చునేవాళ్ళు. సెప్టెంబరు వచ్చేసరికి ఆస్పత్రి అంతా మరుగుదొడ్లలో నడుస్తోంది, పెద్ద హాలు ఖాళీ.

ఖాళీ అంటే ఖాళీ కాదు, యథాపూర్వంగా ఉంది. గోడలకి కొత్త సున్నం, నున్నగా నూనె రాసిన చెక్కపట్టీలు, వాటిల్లో ప్రాణం లేని వైర్లు, పగలంతా వెలిగే ఆముదం దీపాలు, పైన తిరగని ఫ్యాను, దాని కింద ఊగే పంకా. వరండాలో తాడు పట్టుకుని పగటిపూట ఒక వంతు నేను, ఒక వంతు తాతారావు. అతన్నీ ఇక్కడికే వేశారు. కింద మనుషులెవరూ లేకపోయినా పంకా ఊగాల్సిందే. మంచాల మీద తెల్ల దుప్పట్లకి మేం రెండు నెలలు గాలి విసిరాం. విద్యుత్ ప్రమాదాలు సున్నా అని పరాంకుశం గారు పైకి రాశాడు. అందులో అబద్ధం లేదు.

అక్టోబరులో ఒక రోజు ఆదర్శ వారసత్వ కట్టడం బిరుదు ఇవ్వడానికి ముగ్గురు పెద్దమనుషుల సంఘం వచ్చింది. పరాంకుశం గారు పట్టు కండువా కప్పుకుని వాళ్ళని పంకా కింద కూర్చోబెట్టాడు. మధ్యాహ్నం మూడింటికే ముసురు పట్టి చీకటైపోయింది. తాడు నా చేతిలో ఉంది. లోపల ఆయన మాటలు వినబడుతున్నాయి.

“గమనించవలసినదిగా కోరడమైనది. ఈ గాలి 1889 నాటి గాలి.”

సరిగ్గా అప్పుడు మోటారుసైకిలు మీద ఇద్దరి మధ్య ఒక మనిషిని కూర్చోబెట్టుకుని వచ్చారు. వెనకాల వానలో తడుస్తూ, చెప్పుల్లేకుండా, అతని భార్య పరిగెత్తుకొస్తోంది. కలుపు తీస్తుంటే కట్లపాము కరిచిందట. మనిషికి అప్పటికే రెప్పలు వాలిపోతున్నాయి. సహజంగా ఎవరైనా ఎటు పోతారు? ఆ పెద్ద మెట్లెక్కి హాలు గుమ్మం దగ్గరికి వచ్చేశారు.

“ఇక్కడ కాదమ్మా, ఇక్కడ కాదు. వెనకాల మరుగుదొడ్లలోకి తీసుకెళ్ళండి!” అన్నాను.

“మనిషి చచ్చిపోతంటే మరుగుదొడ్డంటావేంటయ్యా! నీ పెళ్ళాం పిల్లలు సల్లగుండ, డాక్టరెక్కడ?” అని ఏడ్చింది ఆమె.

తాడు వదలకుండా చెయ్యెత్తి చూపించాను. అటు పరిగెత్తారు. వాళ్ళు మలుపు తిరిగారో లేదో, పెరట్లో వెలుతురు టప్పున ఆరిపోయింది. నాలుగు బల్బుల కోసం వేసిన లైను మీద ఒక ఫ్రిజ్జు, ఒక మిషను, డాక్టరు గారి టేబుల్ ఫ్యాను, వానకని ఆ రోజు తగిలించిన మరో రెండు లైట్లు. ఫ్యూజు కొట్టేయక ఏం చేస్తుంది?

“అన్నయ్యా!” సిస్టరమ్మ గొంతు ఆస్పత్రంతా మోగింది. “చీకట్లో నరం దొరకట్లేదు! రారా నాయనా!”

ఇరవై ఆరేళ్ళలో ఆవిడ నన్ను రారా అని పిలవడం అదే మొదటిసారి. ధ్రువపత్రం గుర్తొచ్చింది, షరతు గుర్తొచ్చింది, లోపల కూర్చున్న ముగ్గురూ గుర్తొచ్చారు. తాతారావుని లేపుదామంటే అతను లేచే రకం కాదు. తాడు వదిలేశాను.

వానలో పరిగెత్తి బోర్డు తెరిచి ఫ్యూజు పీకాను. తీగ మాడిపోయింది. జేబులో టెస్టర్ లేదు, అది కేంద్రంలోనే ఉండిపోయింది. పందిరి కింద పాత వైరు ముక్క దొరికితే పళ్ళతో తొడుగు చీల్చి, రెండు పోగులు లాగి, మెలిపెట్టి ఫ్యూజుకి చుట్టాను. మిషనూ ఫ్యానూ ప్లగ్గులు పీకెయ్యమని అరిచాను. ఫ్యూజు పెట్టబోతుంటే తడి వేలికి కరెంటు తగిలి మోచేతిదాకా జివ్వుమంది. నాలుగు నెలల తర్వాత తగిలిన దెబ్బ అది. దేవుడి మీద ఒట్టు, సంతోషం వేసింది. లైటు వెలిగింది, ఫ్రిజ్జు గుర్రుమంది.

డాక్టరు గారికి నరం దొరికింది. చల్లగా ఉన్న సీసా తీసి సిస్టరమ్మ మందు ఎక్కించింది. ఒకటి, రెండు, ఎనిమిది సీసాలు. ఎనిమిదో సీసా దాటాక ఆ మనిషి కనురెప్పలు ఒక్కసారి పైకి లేచాయి. నేను గోడకి ఆనుకుని కూలబడ్డాను. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

చీకటి పడ్డాక వాన తగ్గింది. ఆ మనిషి భార్య పందిరి కింద కూర్చుని కొంగు పిండుకుంటోంది. ఎదురుగా పెద్ద భవనంలో కిటికీకో దీపం చొప్పున వెలుగుతున్నాయి. పెళ్ళివారి విడిదిలా ఉంది. ఆమె కాసేపు దానికేసి చూసి అడిగింది.

“అదేంటి సిస్టరమ్మా, అంత పెద్ద బంగళా? ఎవరుంటారందులో?”

“అదే ఆస్పత్రమ్మా,” అంది సిస్టరమ్మ.

మర్నాడు పదకొండింటికి నాకు మెమో వచ్చింది. ఆదర్శ సంఘం సందర్శన సమయమున పంకా పదునెనిమిది నిమిషములు నిలిచిపోయినందున సభ్యులు చెమటకు లోనైరి. అంతియే కాక, ధ్రువపత్రధారి అయిన మీరు ఆధునిక విద్యుత్తును తాకి నైపుణ్య కాలుష్యమునకు పాల్పడినారు. ఏ కారణము చేత తాడు వదలితిరో ఇరువది నాలుగు గంటలలో లిఖితపూర్వకముగా తెలుపవలెను. కింద పరాంకుశం గారి సంతకం. పాపం, ఆయన చేతిరాత కూడా బాధగా ఉంది.

వాళ్ళిచ్చిన ఫారం మీదే జవాబు రాశాను.

“అయ్యా, ఒక మనిషిని పాము కరిచింది. పాముకాటుకి మందు కావాలి. మందుకి చలవ కావాలి. చలవకి కరెంటు కావాలి. కరెంటుకి నేను కావాలి. పంకా కింద మీరు నలుగురూ బాగానే ఉన్నారు, మీకు ఎవరూ అక్కర్లేదు. అందుకని వదిలాను. మళ్ళీ అయినా వదులుతాను.”

సంతకం చేశాను. దాని కింద ‘వారసత్వ విద్యుత్ నిపుణుడు’ అని ముందే అచ్చేసి ఉంది. అది కొట్టేసి, పక్కన ‘కరెంటు పనివాడు’ అని రాసి ఇచ్చేశాను.